మ్యూజియంగారి గుత్త బేరం

ఆ వీధిలో ఆయన్ని అందరూ మ్యూజియం అనేవారు. ఎదురుపడితే చివర ‘గారు’ తగిలించేవారు. ఆయన దాన్ని బిరుదనుకునేవాడు. వెటకారాన్ని గౌరవంగా పుచ్చుకునే శక్తి కొందరికి పుట్టుకతోనే వస్తుంది. రాజ్యాలేలిన వాళ్ళలోనూ ఈ బాపతు బోలెడుమంది ఉన్నారు. కాకపోతే పొగడడానికి వాళ్ళకు జీతగాళ్ళుండేవారు. ఈయనకున్నది భార్య ఒక్కతే. ఆవిడ బట్టలు కుడుతుంది. పొగడదు.

పాత సామాన్ల కొట్లు తిరిగి పింగాణీ కుక్కలు, ఆగిపోయిన అలారం గడియారాలు, రెక్క విరిగిన రేకు విమానాలు ఏరుకొచ్చి, నల్లగుడ్డ మీద పెట్టి ఫొటో తీసి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టడం ఆయన వృత్తి. అమ్మకానికి పెట్టడం వేరు, అమ్మడం వేరు. ఆయన మొదటిదానిలో దిట్ట. ఎవరైనా ధర తగ్గించమంటే, “ఇది మీలాంటివారి కోసం కాదు” అని జవాబు కొట్టేవాడు. కొనేవాళ్ళంటే ఆయనకు చిన్నచూపు. కొననివాళ్ళంటే మరీ చిన్నచూపు. అన్నిటినీ కలిపి లాట్‌గా అమ్మేవాళ్ళనైతే మనుషుల్లోనే జమకట్టేవాడు కాదు.

“గుత్తగా అమ్మడానికి ఇవేమన్నా వంకాయలా? ఒక్కోదానికీ ఒక్కో యజమాని రాసిపెట్టి ఉంటాడు” అనేవాడు.

అలా రాసిపెట్టి ఉన్నవాళ్ళెవరికీ ఆ ఇంటి దారి దొరకలేదు. సరుకు మాత్రం వెనక గదిలో నేలనుంచి కిటికీ దాకా పేరుకుంది. భార్య మిషను వంటింటికీ స్నానాలగదికీ మధ్య నడవాలో పడింది. స్నానానికి వెళ్ళే ప్రతివాడూ ఆవిడ కుడుతున్న గుడ్డను పక్కకెత్తి దాటాలి.

ఇంతలో ఒక ఆసుపత్రివాళ్ళు వార్డులన్నిటికీ దుప్పట్లూ కర్టెన్లూ కుట్టమని ఆవిడనడిగారు. ఏడాది పొడుగునా ఉండే పని. గుడ్డ నేలకు తగలకుండా కత్తిరించడానికి బల్ల ఉండాలన్నారు. సోమవారం మేనేజరమ్మ స్వయంగా వచ్చి చూస్తుంది. చోటు నచ్చితేనే పని.

“ఏవండీ, సోమవారానికి ఆ గది కావాలి నాకు.”

“వాటి విలువ తెలుసా నీకు?”

“తెలుసు. నిన్న ఒక కుక్క చెవిలో బల్లి గుడ్లు పెట్టింది. మనింట్లో వాటిని మెచ్చుకున్నది అదొక్కటే.”

“నీకు కళాదృష్టి లేదే.”

“లేదు. లాట్‌గా పెడతారా, పాత ఇనుము బండివాణ్ణి పిలవనా?”

బండివాడి పేరెత్తేసరికి మ్యూజియంగారు దిగొచ్చాడు. కానీ ఆ పాపానికి తన చెయ్యి తగలకూడదన్నాడు. సరేనని ఆవిడే తన ఫోన్‌లో వేలానికి పెట్టింది. గుమ్మంలో నిలబడి గుట్టంతటికీ ఒకటే ఫొటో తీసి, కింద ఇలా రాసింది: ‘ఈ గదిలో ఉన్నవన్నీ. కొన్ని విరిగాయి. విడిగా ఇవ్వము. వేలంపాట గెలిచినవారి ఇంటికి మేమే చేరుస్తాము.’ అది చదివి ఆయన మధ్యాహ్నం అన్నం మానేశాడు. సాయంత్రం రెండింతలు తిన్నాడు.

హోటళ్ళకు గోడల అలంకరణ చేసే అతనొకడు పాట మొదలుపెట్టాడు. “విరిగినవైనా ఫరవాలేదమ్మా, సిమెంటులో అతికించేస్తాం” అని ఆవిడకు రాశాడు. తన కుక్కల్ని సిమెంటులోనా? ఈ అవమానానికి ధరైనా పెంచి తీరాలని మ్యూజియంగారు నిశ్చయించుకున్నాడు. ఆయనకు దొంగ ఖాతా ఒకటుంది, సొంత అక్కగారి పేరు మీద, ఆవిడ ఇంటి చిరునామాతో. తన సరుకు కింద తానే పొగడ్తలు రాసుకోవడానికి ఆవిడకు చెప్పకుండా తెరిచిన ఖాతా అది. దాంతో ఒక పాట పెంచాడు. హోటలతను పెంచాడు. ఈయన మళ్ళీ పెంచాడు. అవతల చప్పుడు లేదు. ఆదివారం పొద్దున గడువు అయిపోయింది.

కాసేపు ఆయన ముఖం వెలిగింది. తన సరుకుకు అంత ధర పలకడం అదే మొదలు. ఆ తర్వాత, పాడిందెవరో గుర్తొచ్చింది.

భార్య ఫోన్ చూసి, “వదినగారు గెలిచారండీ” అంది.

“రద్దు చేసెయ్.”

“ఎందుకు? అంత ముచ్చటపడి పాడింది కదా, పాపం.”

“అది నేనేనే.”

“మీరా? పేరు ఆవిడది, ఇల్లు ఆవిడది. గెలిచినవాళ్ళ ఇంటికి చేరుస్తామని రాశాను. మాట తప్పితే నా పరువేం కావాలి? డబ్బంటారా, అయినవాళ్ళ దగ్గర తీసుకోనులెండి.”

మధ్యాహ్నానికి వ్యాను వచ్చింది. “ఆ కుక్క జాగ్రత్త” అంటూ మ్యూజియంగారు వెంటబడితే, “ఏ కుక్కండీ?” అని డ్రైవరు మర్యాదగానే అడిగాడు.

సాయంత్రం అక్కగారు ఫోన్ చేసింది. “ఒరేయ్, నా వరండాలో ఏంట్రా ఈ చెత్త?”

“దాని విలువ నీకు తెలీదక్కా.”

“తెలీదు. నువ్వొచ్చి చెప్పు. వచ్చేటప్పుడు బట్టలు కూడా తెచ్చుకో. ఆఖరిది అమ్ముడయ్యేదాకా ఆ వరండాలోనే నీ పడక.”

సంచీ పట్టుకుని ఆయన గుమ్మం దిగుతుంటే భార్య తలెత్తలేదు. నోట్లో చాక్‌ముక్క పెట్టుకుని, టేపుతో ఖాళీ గది కొలుస్తోంది.

సోమవారం మేనేజరమ్మ వచ్చింది. కొత్తగా వేయించిన బల్ల చూసింది, వెలుతురు చూసింది, గోడల మీది మరకలు చూసింది.

“గది బావుంది. ఇంతకుముందు ఇందులో ఏముండేది?”

“ఏం లేదండీ” అంది ఆవిడ, దుప్పటి గుడ్డ బల్ల మీద పరుస్తూ.