మందు మానడం

మందు మానేస్తున్నానని స్టాఫ్ రూములో చెబితే లెక్కల మాస్టారు నవ్వాడు. "మీరెప్పుడు మొదలుపెట్టారు మేడమ్, మాకు చెప్పనేలేదు" అన్నాడు. మన భాషలో మందంటే ముందు సీసాలోదే గుర్తొస్తుంది. ఇంకో రోజైతే నేనూ నవ్వేదాన్ని. ఆ రోజు మాత్రం చేతిలో ఉన్న జవాబు పత్రాల కట్టని బల్లమీదకి విసిరాను. దారం తెగి కాగితాలు నేలంతా పరుచుకున్నాయి. ఏరడానికి వంగితే మళ్ళీ లేవలేకపోయాను. చివరికి ఆ లెక్కల మాస్టారే చెయ్యిచ్చి లేపాడు.

నేను మానుతున్నది స్టెరాయిడ్. రెండేళ్ళ కిందట ఒక చలికాలం పొద్దున్న భుజాలూ తుంట్లూ బిగుసుకుపోయి, జడ వేసుకోవడానికి చెయ్యి పైకి లేవలేదు. మద్దిలపాలెంలో ఒక డాక్టరమ్మ చూసి పొడవాటి పేరేదో చెప్పింది. నా ఒళ్ళే నామీద పగబట్టిందన్నంత వరకూ అర్థమైంది. ఆవిడిచ్చిన కందిగింజంత తెల్లమాత్ర వేసుకున్న మూడో రోజుకి మంచం దిగి నడిచాను. అది మాత్ర కాదు, దేవుడన్నాను. కానీ ఆ దేవుడు నైవేద్యం తీసుకోకుండా ఊరుకోలేదు. ముఖం పూరీలా పొంగింది, మెడ వెనక కండ పెరిగింది, షుగరు వచ్చింది, ఎక్కడ తగిలినా చర్మం కమిలిపోయేది. మా గోపాలపట్నం వీధిలో వాళ్ళేమో "ఒళ్ళు చేశారండీ, ఇప్పుడు బాగున్నారు" అని మెచ్చుకున్నారు.

జబ్బు అణిగాక మోతాదు దించడం మొదలైంది. పై అంకెలు ఇట్టే దిగాయి. ఆఖరి ఐదు మిల్లీగ్రాములే దిగనన్నాయి. డాక్టరమ్మ కాగితం మీద రెండు కిడ్నీలు గీసి, వాటిమీద రెండు చిన్న టోపీలు పెట్టింది. "ఇవి మీ ఒంటికి కావలసిన సరుకు తయారుచేసే గ్రంథులు. రెండేళ్ళుగా బయట్నుంచి వచ్చిపడుతుంటే ఇవి నిద్రపోయాయి. ఒక్కసారిగా ఆపితే ఇవి లేవవు, మీరు పడిపోతారు. ప్రాణం మీదకి వస్తుంది. మెల్లగా, మెల్లగా మానాలి" అంది. చీటీ మీద కూడా ఆ మాట రాసి కింద గీత గీసింది.

అక్కణ్ణుంచి ఐదు నెలలు నా బతుకు ముప్పావు, అర, పావుల్లో నడిచింది. పొద్దున్నే వంటగదిలో పాత క్యాలెండరు కాగితం పరిచి బ్లేడుతో మాత్ర కోసేదాన్ని. నాలుగు ముక్కలూ ఏనాడూ సమానంగా రాలేదు. ఒక పావు పెద్దదయ్యేది, ఇంకో పావు పొడి అయిపోయేది. పెద్ద ముక్క వంతుకొచ్చిన రోజు సిగ్గులేకుండా సంతోషించేదాన్ని. ఒకనాడు మా ఆయన స్టీలు ప్లాంటులో నైటు డ్యూటీ దిగి వచ్చి, చెమటగా ఉందని ఫ్యాను వేశాడు. కాగితం, దానిమీద ముక్కలు ఎగిరిపోయాయి. నేను మోకాళ్ళమీద పాకుతూ వెతుక్కుంటుంటే "ఆ నలుసు కోసం అంత అవస్థేంటి, ఇంకోటి కోసుకోరాదా?" అన్నాడు. నలుసు స్టవ్ కింద దొరికింది. దులుపుకుని వేసుకుని, ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు.

పావుకి దిగాక వెలుతురంటేనే విసుగొచ్చింది. లేచి నిలబడితే కళ్ళకి చీకట్లు కమ్మేవి. అన్నం చూస్తే వికారం, ఉప్పు మీద మాత్రం ఎక్కడలేని ఆశ. ఎండు నెత్తళ్ళ చేపలు వేయించుకుని వట్టివి నమిలేదాన్ని. కీళ్ళు సలుపుతుంటే అది పాత జబ్బు తిరిగి రావడమో, మాత్ర తగ్గిన నీరసమో తెలిసేది కాదు. పెందుర్తి బడికి బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని కారణం లేకుండా ఏడ్చేదాన్ని. నాకు కావలసిందల్లా ఒక్కటే. ఈ నలుసు మింగకుండా ఒక్క పొద్దు నా కాళ్ళమీద నేను లేవాలి.

తెలుగు చెప్పేదాన్ని కదా, మాటలు పట్టుకుని ఆలోచిస్తుంటాను. మందు మానడం, గాయం మానడం. విడిచిపెట్టడానికీ నయం కావడానికీ మనకి ఒకటే మాట. ఏడో తరగతి పిల్లలకి ఆ సంగతి చెబుతూ, మానడానికి టైము పడుతుందిరా అన్నాను. వాళ్ళు నోట్సు రాసుకున్నారు. మరి ఆ పాఠం చెప్పాల్సిన చోట నా నోరెందుకు పెగల్లేదో ఇప్పుడు రాస్తాను.

ఆదివారం ఆదివారం మా వీధికి జాలరిపేట నుంచి ఒకావిడ చేపలు తెస్తుంది. పదేళ్ళ పరిచయం. నాకన్నా చిన్నదే కానీ ఎండకీ ఉప్పుగాలికీ పెద్దదానిలా కనిపించేది. అలాంటిది ఆ ఏడాది బుగ్గలు నున్నగా తేలి, ముఖం గుండ్రంగా అయింది. బేసిను దించుతుంటే ముంజేతుల మీద కమిలిన మచ్చలు కనిపించాయి. నేను రోజూ అద్దంలో చూసుకునే ముఖమే అది.

"మోకాళ్ళ నొప్పులకి ఏం వాడుతున్నావు?" అని అడిగాను.

"మా పేటలో డాట్రుబాబు పొట్లం కట్టి ఇత్తాడు టీచరమ్మా. మూడేసి బిల్లలు. అందులో సిన్న తెల్లబిల్ల ఉన్నాది సూడండి, అది ఏసుకుంటే నెత్తిమీద బేసిను గాలి నాగ తేలిగ్గుంటాది. రెండేల్ల బట్టి ఏత్తన్నాను."

పై ఆదివారం పొట్లం తెప్పించుకుని చూశాను. నా మాత్రే. మా వంటగది గడప మీద కూర్చోబెట్టి, ఎముకలు గుల్లబారడం, షుగరు, కంట్లో పొర, అన్నీ చెప్పాను. అదే మాత్రని మానడానికే నేను తంటాలు పడుతున్నానని, బ్లేడూ కాగితమూ కూడా చూపించాను. ఆవిడ ఆ ముక్కలు చూసి నవ్వింది.

"ఒగ్గీడానికి ముక్కలు కొయ్యడమేటి టీచరమ్మా? మా ఆయన సారా ఒగ్గేసినప్పుడు పావూ అరా అని తాగినాడా? గంగమ్మ కాడ ఒట్టేసుకున్నాడు, ఒగ్గేసినాడు. మల్లీ ముట్టలేదు. కూసింత కూసింత ఒగ్గేత్తాననీవోడు ఎప్పటికీ ఒగ్గీడమ్మా."

నేను పావు మీద మూడో వారంలో ఉన్నాను. ఆ పొద్దున్నే వాంతి చేసుకున్నాను. నా ఐదు నెలల యాతన ఆవిడ ఒక్క నవ్వుతో పిరికితనం కింద తీసిపారేసినట్టనిపించి ఒళ్ళు మండింది.

"అంత మొనగత్తెవైతే నువ్వూ అలాగే మానేసి చూపించు" అన్నాను.

"సూపిత్తాను" అంది ఆవిడ, చేప పొలుసు గీకుతూ.

మెల్లగా అన్న మాట అప్పుడు నా నాలుక చివర ఉంది. మరిచిపోయానని రాసుకుంటే నాకు సుఖంగానే ఉంటుంది, కానీ అబద్ధం. పంతం కొద్దీ మింగేశాను. పై వారం చెబుదాంలే అనుకున్నాను.

పై ఆదివారం ఆవిడ రాలేదు. వేటకి పడవలు వెళ్ళలేదేమో అనుకున్నాను. ఆ తర్వాతి ఆదివారం ఆ బేసిను నెత్తిన పెట్టుకుని ఆవిడ కోడలు వచ్చింది.

"అత్త పడిపోనాది టీచరమ్మగోరూ. మూడు దినాలు ఒకటే వాంతులు. నీరసమే కదా అనుకున్నాం. హార్బరు కాడ సేపల ఏలంపాట పాడతన్నప్పుడు నిలబడింది నిలబడినట్టే కూలిపోనాది. పెద్దాసుపత్రిలో ఉన్నాది."

మర్నాడు సెలవు పెట్టి వెళ్ళాను. వార్డులో గోడవారగా మంచం. చేతికి సెలైను. పొంగిన ముఖం పీక్కుపోయి, పదేళ్ళ కిందటి ముఖం కంటే చిన్నదైపోయింది. సమయానికి తెచ్చారు కాబట్టి దక్కిందని నర్సు చెప్పింది. ఇకమీదట కొన్నాళ్ళపాటు రోజూ ఆ మాత్రే వేసుకుని, వాళ్ళు చెప్పినట్టు నెలల మీద తగ్గించుకోవాలని, మానేస్తే ఈసారి ఆసుపత్రి దాకా కూడా రాదని చెప్పింది.

నన్ను చూసి ఆవిడ కళ్ళు మెరిశాయి. "ఒగ్గేసినాను టీచరమ్మా. గంగమ్మ కాడ ఒట్టేసుకుని, పొట్లాలన్నీ సముద్రంలో ఏసీసినాను. ఎనిమిది దినాలు ముట్టలేదు."

ఒగ్గేయడం అన్న మాటలో మెల్లగా అనేది లేదు. చేతిలో ఉన్నది వదలడమే. ఆ మాట తెచ్చుకున్న మనిషికి నా మాట అవసరమైంది, నేను ఇవ్వలేదు.

"తప్పు నాది. మెల్లగా మానాలని నాకు తెలుసు. తెలిసే నీకు చెప్పలేదు" అన్నాను.

"మీరేటి సేసినారమ్మా. మీరు అన్నారు కాబట్టే నాను ఒగ్గీగలిగినాను" అంది. నన్ను ఓదార్చడానికి అన్న మాట కాదది. నిజంగానే మెచ్చుకుంది. ఆవిడ తిట్టి ఉంటే కొంచెం తేలికపడేదాన్ని.

అప్పుడు కోడలు అత్త కొంగు ముడి విప్పి చూపించింది. పొద్దుటి మాత్ర, నిన్నటి మాత్ర అందులోనే ఉన్నాయి. నర్సు వెళ్ళేదాకా దవడన పెట్టుకుని, తీసి ముడేసిందట.

"నాకు తెలివి లేనప్పుడు సూదిలో అదే ఎక్కించినారంట" అంది ఆవిడ. "అది గంగమ్మ లెక్కెయ్యదు. తెలివొచ్చినాక నా సేత్తో నాను ఏసుకుంటే ఒట్టు తప్పినట్టే. పడవ మీద నా కొడుకు ఎల్తన్నాడు టీచరమ్మా. ఒట్టు తప్పితే అమ్మ ఊరుకుంటాదా?"

డాక్టరమ్మ గీసిన టోపీల బొమ్మ గీసి చూపించాను. విన్నది, తల అడ్డంగా ఊపింది. ఇంకేమీ తోచక, "ఒట్టు తీసి గట్టుమీద పెట్టు" అన్నాను. మా గోదావరి వైపు చిన్నప్పుడు ఎంత పెద్ద ఒట్టైనా ఆ మాటతో దిగిపోయేది.

ఆవిడ నావైపు జాలిగా చూసింది. "మీకు కాలవలున్నాయి, గట్లున్నాయి. నాను ఒట్టు సముద్రంలో ఏసినాను. దానికి గట్టేడున్నాది టీచరమ్మా?"

సెలైను బొట్టు బొట్టు పడుతోంది. కోడలు కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. ఆవిడ ముడిలోని మాత్రలు చూస్తూ అంది.

"మీరు ఏసుకోమంటే ఏసుకుంటాను. మీరు ఒగ్గేయమన్నారు, ఒగ్గేసినాను. మీరే ఏసుకోమంటే ఆ తప్పు మీ మీద ఉంటాది గానీ నా మీద ఉండదు. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటాను."

"ఒక్క దినానికి సెప్పీసి ఎలిపోతే అవదు. ఏ దినానికాదినం సెప్పాల."

"చెబుతాను. వేసుకో" అన్నాను. కొంగులోంచి మాత్ర తీసి నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, నాలుక చాపి చూపించింది.

తర్వాతి నెల నాకు పొద్దున్న ఎనిమిదింటికి రక్తపరీక్ష జరిగింది. డాక్టరమ్మ రిపోర్టు చూసి, "నిద్ర లేచాయమ్మా. రేపట్నుంచి మీకు మాత్ర వద్దు" అని చెయ్యి కలిపింది. జ్వరమొచ్చినా, ఆపరేషనంటూ ఏదైనా వచ్చినా ముందు తనకి చెప్పమంది. మద్దిలపాలెం బస్టాపులో బస్సు కోసం అరగంట నిలబడ్డాను. దీనికోసం రెండేళ్ళు ఎదురుచూశాను. సంతోషం వస్తుందేమోనని అక్కడ కూడా ఎదురుచూశాను. బస్సు వచ్చింది, ఎక్కాను.

మర్నాడు మాత్ర లేకుండా లేచాను. కాళ్ళు వణికాయి కానీ నిలబడ్డాయి. బ్లేడుని కాగితంలో చుట్టి చెత్తబుట్టలో వేశాను. ఇప్పుడు నా ముఖం లోపలికి పోయి ఎముక తేలింది. వీధిలో వాళ్ళు "తగ్గిపోయారేంటండీ, ఒంట్లో బాగోలేదా?" అని అడుగుతున్నారు. బాగుందని చెబితే నమ్మడం లేదు.

ఆవిడ ఇక బేసిను ఎత్తలేదు. ఇంటి ముందు అరుగు మీద కూర్చుని వలలు బాగుచేస్తుందట. కోడలే చేపలు తెస్తోంది. ఆవిడ మాత్ర ఇప్పుడు ముప్పావుకి దిగింది. ఇంకా అర ఉంది, పావు ఉంది, ఎన్ని నెలలో తెలియదు. పోయిన నెల నాకు గొంతునొప్పితో మాట పెగలని రోజు ఒకటి వచ్చింది. మా ఆయన ఫోను తీసుకుని "వేసుకోమంటోందమ్మా" అని చెబితే ఆవిడ ఒప్పుకోలేదు. బొంగురుగానైనా నా గొంతు విన్నాకే వేసుకుంది.

పెందుర్తి బస్సులో ఉండగా రోజూ ఎనిమిదింటికి కోడలి నంబరు నుంచి ఫోను వస్తుంది. పక్కన సముద్రం హోరు వినిపిస్తుంది.

"టీచరమ్మా, ఏసుకోమంటారా?"

"వేసుకో."

"మీరే సెప్పినారు మరి."

"నేనే చెప్పాను."