భయపడుకుంటనే నా పెండ్లి చేసిన మేనత్త

మా మేనత్త పోయింది. ఆ మాట చెప్పెతందుకు మా అన్న హైదరాబాదు నుంచి షోలాపూరు దాక వచ్చిండు. పదేండ్లకు పైన నా మొఖం చూడని మనిషి. గడపల నిలబడి, "అత్త పోయిందే. నిద్రల్నే పోయింది" అన్నడు. లోపలికి రమ్మంటే వచ్చిండు, మంచినీళ్లిస్తే తాగిండు. నేను మాత్రం గడపల్నే నిలబడిపోయిన. అన్నను చూసినందుకో, ఆ మాట విన్నందుకో తెల్వది.

ఆమె పేరున్న మనిషి కాదు. శాలిబండ గల్లీల మా ఇంటి వెనుక అర్రల ఉండేది, మిషను మీద రవికెలు కుట్టేది. ఆమె గురించి నాలుగు మాటలు రాసేటోళ్లు ఇంకెవరూ లేరు. అందుకే నేను రాస్తున్న.

మేనత్త శానా పిరికిది. తక్కువ చేసి అంటలేను, ఉన్న సంగతే చెప్తున్న. ఉరిమితే చెవులు మూసుకునేది, నన్ను దగ్గరికి లాక్కునేది. ఎవరన్న తలుపు గట్టిగ కొడితే చేతిల గిన్నె కింద పడేది. తుగ్యాని, అదే పెద్ద వరద, వచ్చిన ఏడు మూసీ మా మామను తీసుకపోయిందంట. అప్పటి సంది ఆమె నది దిక్కు పోలే, అఫ్జల్‌గంజ్ వంతెన ఎక్కలే. మా నాయిన ఆమెకు తమ్ముడు. "మా అక్కకు తన నీడను చూసినా దడనే" అని అందరి ముందట నవ్వేటోడు. ఆమె కూడ నవ్వేది. నాతోని మాత్రం, "భయం ఎటూ పోదు బిడ్డా. దానికింత బువ్వ పెట్టి మూలకు కూసోబెట్టి, మన పని మనం చేసుకోవాలె" అనేది.

నాకు ఎనిమిదేండ్లకు పెండ్లి చేసిన్రు. కాపురానికి పోకముందే ఆ పిలగాడు జరమొచ్చి పోయిండు. నా బొట్టు తీసేసి, మేనత్త అర్రల్నే నన్ను పండబెట్టిన్రు. గట్లనే పెద్దగైన.

మిషను ఖరాబైతే అఫ్జల్‌గంజ్ నుంచి ఒకతను వచ్చి బాగుచేసేటోడు. సాలోళ్ల పిలగాడు, మా కులం కాదు. తల వంచుకొని పని చేసేటోడు, పోయేటప్పుడు ఒక్కసారి తలెత్తి చూసేటోడు. ఒకరోజు మేనత్త విరిగిన సూది చేతిల పట్టుకొని నా ఎదురుంగ కూసున్నది.

"ఏందే, మంచిగున్న సూదులు గిట్లెందుకు విరుగుతున్నయి?"

నేను చేతిలున్న ఇంకో విరిగిన సూదిని కొంగు కింద దాచిన.

"అతను మంచోడేనా?"

"మంచోడే అత్తా."

"నిన్ను చేసుకుంటనన్నడా?"

"అన్నడు."

ఆమె ఆ దినమంత మెతుకు ముట్టలే. పక్క గల్లీల నా వంటి పిల్ల ఒకతె గిట్లనే పోవాలని చూస్తే, పట్టుకొచ్చి అర్రల ఏసి తాళం పెట్టిన్రు. మళ్ల ఆ పిల్లను ఎవరం చూడలే. ఆ సంగతి మా ఇద్దరికీ ఎరుకనే.

తెల్లారి మేనత్త మిషను ముందట కూసోని బట్ట లేకుండనే తొక్కుడు మొదలుపెట్టింది. ఆ చప్పుడు చాటున మెల్లగ, "ఇట్ల దగ్గరికి రా. ఎట్ల పోవాలె, ఏడ చేసుకోవాలె, ముందు అది చూడు" అన్నది. ఆ నెలంత మా మాటలన్ని మిషను చప్పుట్లనే నడిచినయి. ఎవరి అడుగు వినపడ్డా ఆమె మొఖం తెల్లగైతుండె, కాలు మాత్రం ఆపకపోతుండె.

గుడిల చేసుకుందమంటే అయ్యగారు గోత్రమడుగుతడు. చార్మినార్ కాడ పూలు కొందమంటే, బొట్టులేని ఇద్దరు ఆడోళ్లు పెండ్లి దండలెందుకు కొంటున్నరని అడగని వాడు ఉండడు. "పూలు లేకుండనే కానీయ్ అత్తా" అన్న. ఆమెకు కోపమొచ్చింది. "నీ మొదటి పెండ్లి నీకు యాదికే లేదు. ఇదన్న యాదుండాలె. వానలు పడ్డంక వికారాబాద్ కాడి అనంతగిరి గుట్ట మీద పూలే పూలంట. అవి ఎవరి సొమ్మూ కావు, అడిగేటోడు ఉండడు."

అనంతగిరి దేవునికి మొక్కున్నదని నాయినతోని చెప్పింది. ఇల్లు దాటని అక్క రైలెక్కుతనంటే నాయిన నవ్వి, సరే పొమ్మన్నడు. అతను ఒకరోజు ముందే పోయి గుట్ట కాడ ఉండాలె. పెండ్లయినంక వికారాబాద్ టేషన్ల రైలెక్కి మేమిద్దరం షోలాపూరు పోవాలె. అక్కడి మిల్లుల అతని మేనమామ ఉన్నడు.

పోయే దినం టాంగా వంతెన మీదికొచ్చింది. కింద మూసీ నిండుగ పారుతున్నది. మేనత్త కండ్లు మూసుకొని నా చెయ్యి పట్టుకున్నది, గోర్లు దిగినయి. "అయిపోయిందా? అయిపోయిందా?" అని అడుగుతనే ఉన్నది. నాంపల్లి టేషను చేరేసరికి ఆమె రవికె చెమటతోని తడిసిపోయింది.

ఆడోళ్లు ఎక్కే జనానా డబ్బాల కూసున్నం. బండి కదిలే ముందట మా గల్లీ కిరాణం సేటు మొగోళ్ల డబ్బాలకు, అతని పెండ్లాం మా దాంట్లకు ఎక్కిన్రు.

"అరే అక్కా! మీరు గూడ అనంతగిరికేనా? మస్తు మంచిగైంది, కలిసే పోదం."

నేను మేనత్త దిక్కు చూసిన. ఆమె పెదవులు ఎండిపోయినయి, అయినా, "అవ్ చెల్లే, మంచిదే" అన్నది. తోవంత సేటమ్మ ముచ్చట్లు పెడుతనే ఉన్నది. మేనత్త ఊ కొడుతనే రెండుసార్లు కిటికీల నుంచి వాంతి చేసుకున్నది. అది నటన కాదు, ఉత్త భయం.

గుడి కాడికి పోయినంక ఆ వాంతే మాకు అక్కరకొచ్చింది. "నాకు కండ్లు తిరుగుతున్నయి చెల్లే. మీరు దర్శనానికి నడువుండ్రి, ఈ పిల్ల నాకు తోడుంటది" అన్నది. సేటమ్మ, ఆమె మొగడు మెట్లు దిగిపోయిన్రు. మేము చెట్లల్లకు మళ్లినం.

గుట్ట మీద చెట్లు లేని ఒక బోడ కాడ అతను నిలబడి ఉన్నడు. చుట్టూర తంగేడు పచ్చగ విరగబూసింది, గునుగు మోకాలెత్తు పెరిగింది, రాళ్ల సందుల్ల నీలం కట్లపూలు. అంత అందం ముందట పెట్టుకొని ముగ్గురం చలిజరం వచ్చినట్టు వణుకుతున్నం. దండ గుచ్చేందుకు అతని చేతులు ఆడకపోతే మేనత్తనే నారతోని రెండు దండలు కట్టింది. బొడ్ల చెక్కుకున్న పసుపుకొమ్మును దారానికి కట్టి అతని చేతికిచ్చింది. అతను నా మెడల ముడి ఎయ్యబోతుంటే కింద నుంచి కేక వినపడ్డది.

"అక్కా! ఏడున్నరు? అక్కా!"

సేటమ్మ గొంతు. అతని చెయ్యి ఆగింది. నాకు తాళమేసిన ఆ అర్ర కండ్ల ముందట కనపడ్డది. పరుగెత్తుదమనిపించింది.

"ఎటు చూస్తున్నవ్? కట్టు!" అన్నది మేనత్త. అంత గట్టిగ ఆమె మాట్లాడంగ నేనెన్నడు వినలే. మూడు ముళ్లు పడ్డయి. చేతిలున్న తంగేడు పూలు మా తలల మీద పోసి, కొంగు తల మీదికి లాక్కొని, ఒక్కతే కిందికి దిగింది.

చెట్టు చాటు నుంచి విన్నం.

"పిల్లేదక్కా?"

"పూలు తెంపుకుంటున్నది. చిన్నప్పటి సంది పూలెరుగని పిల్ల, ఇయ్యాలన్న తెంపుకోనీ. నువ్వు సత్రం చూపెట్టు చెల్లే, నీడకు కూసుంట."

సేటమ్మ జాలితోని అయ్యో అన్నది. ఇద్దరి మాటలు దూరమైనయి. సేటోళ్లు ఆ పూట సత్రంలనే ఉండిపోయిన్రు. మేమిద్దరం చెట్లల్ల నుంచి నడిచి టేషనుకు పోయినం, మేనత్త ఏదో చెప్పి తప్పించుకొని, బండి కట్టించుకొని అక్కడికి వచ్చింది. అదే నేను ఆమెను చూసిన ఆఖరు దినం.

ఆ తర్వాతి సంగతులు మొన్న అన్న చెప్తేనే తెలిసినయి. ఇంటికి పోంగనే ఆమె వాకిట్ల నిలబడి, "దాని పెండ్లి చేసొచ్చిన తమ్మీ" అన్నదంట. నాయిన కట్టె లేపిండంట. ఆమె అక్కడ్నే కూలబడి, "కొట్టు. పిల్ల ఏడున్నదో మాత్రం చెప్ప" అన్నదంట. నాయిన కొట్టలే. మాట బంద్ చేసిండు. ఆమె వాకిట్ల వేరే పొయ్యి పెట్టుకొని వండుకున్నది, రవికెలు కుట్టుకొని బతికింది. కబురు పంపొద్దని ఆ దినం టేషన్లనే నాకు ఒట్టు పెట్టింది, నేను పంపలే.

మంచాన పడ్డంక నాయిన ఒకనాడు ఆమెను పిలిచి, "అది మంచిగున్నదా?" అని అడిగిండంట. మా ముచ్చట ఏదీ తెల్వని ఆమె, "మంచిగున్నది, ఫికర్ చెయ్యకు" అన్నదంట.

"కొడుకున్నడని గూడ చెప్పిందే" అన్నడు అన్న. అప్పుడే బయట ఆడుకొని లోపలికొచ్చిన మాకున్న ఇద్దరు ఆడపిల్లలను చూసి తల దించుకున్నడు. "అల్లుడు మిల్లుల పని చేస్తడు, షోలాపూరు పో అని ఆఖరి దినాల్ల నాకు చెప్పింది" అన్నడు.

ఆ దినం వికారాబాద్ టేషన్ల మా బండి ఒక దిక్కు, ఆమె పట్నం బండి ఇంకో దిక్కు. "నా దిక్కు చూడకుండ్రి, చెయ్యి ఊపకుండ్రి, ఎవరన్న చూస్తరు" అని చెప్పి, అవతలి గట్టున మాకు వీపు పెట్టి ఒక్కతే కూసున్నది. మా బండి కూత పెట్టింది. ఆమె చెవులు మూసుకోలే. కొంగు సర్దుకున్నట్టు ఒక చెయ్యి తల మీదికి లేపింది. బండి కదిలింది, చెట్లు అడ్డమొచ్చినయి. అప్పటిదాక ఆ చెయ్యి అట్లనే లేచి ఉన్నది.