అంచు కుట్టింది నేను, కండువా దాని మెడలో

మా చిన్నప్పుడు... కదిర్కామంలో మా మేడ మీది గదిలో అమినాతా అని మాలి దేశపు అమ్మాయి అద్దెకుండేది. పుదుచ్చేరికి చదువుకోవడానికి వచ్చింది. మాకు నోరు తిరక్క అమీనక్క అనేవాళ్ళం. మా ఇంట్లో తిరిగి తిరిగి మా తెలుగే నేర్చుకుంది.

ఏటా ఒక ఆదివారం సాయంత్రం, ఊళ్ళో చదువుకుంటున్న పశ్చిమ ఆఫ్రికా వాళ్ళంతా ఒక స్కూలు మైదానంలో చేరేవారు. మాలి, సెనెగల్, గినీ, ఘనా... ఒకరి భాష ఒకరికి రాదు. అయినా డోళ్ళు మోగితే చాలు, అందరిదీ ఒకటే వలయం, ఒకటే ఆట.

"మా ఊర్లలో ఉండుంటే ఒకర్నొకరు చూసుండం కూడా. ఈడికొచ్చి చుట్టాలైపోయినాం" అనేది అమీనక్క.

ఆ ఏడు పండగకు నెల ముందు నుంచీ నేను ఆమె తోకనే. కొట్లో అరవంలో మాట్లాడి పెట్టింది నేను. టైలరు ఇల్లు చూపించింది నేను. నాట్యానికని తెచ్చుకున్న పసుపు కండువాకు మూడు సాయంత్రాలు కూర్చుని అంచు మడిచి కుట్టింది కూడా నేనే... రెండుసార్లు సూది వేలికి దిగింది.

మరి మా చెల్లెలు సుజి ఏం చేసింది? ఏమీ చెయ్యలేదండీ! మెట్ల మీద బిందె బోర్లించుకుని టకటకా వాయించేది, అంతే. దానికి ఏడేళ్ళు, నాకు పది.

పండగ రోజు అమీనక్క మమ్మల్ని ముందు వరుసలో కూర్చోబెట్టింది. నేను కనకాంబరాలు పెట్టుకుని, మెడ నిటారుగా ఎత్తి కూర్చున్నాను. ఎందుకంటే కండువా వేసే ఆట ఒకటి ఉందని ముందే విన్నాను.

మా వైపు కండువా కప్పారంటే మర్యాద. హెడ్మాస్టరు రిటైరైతే పొన్నాడ, అంటే జరీ శాలువా. ఎవరైనా పెద్దమనిషి వస్తే పొన్నాడ. కప్పించుకున్నవాళ్ళు దండం పెట్టి, ఫోటో దిగి, దాన్ని మడిచి ఇంటికి తీసుకుపోతారు. నాకు తెలిసిన కండువా అదొక్కటే. ఆ పూట అది నాకు తప్ప ఇంకెవరికి వస్తుంది?

డోళ్ళు జోరందుకున్నాయి. అమీనక్క పసుపు కండువా తిప్పుతూ, మట్టి లేచేలా అడుగులేస్తూ మా వైపే వచ్చింది. వచ్చి... సుజి మెడలో వేసింది.

నేను కుట్టిన అంచు, నా కళ్ళ ముందే, దాని మెడలో!

పక్కనుంచి మా అమ్మ ఇంకాస్త ఆజ్యం పోసింది. "చూడు మే, చిన్నదానికి ఎంత మర్యాద చేసినారో!"

సుజి వలయంలోకి దూకి ఎగిరెగిరి ఆడింది. అన్ని దేశాల వాళ్ళూ చప్పట్లు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే కదా అని పళ్ళు నూరుకున్నాను. అది జారి పడితే బావుండునని కూడా అనుకున్నాను... అబద్ధం ఎందుకు చెప్పాలి?

పడలేదు. ఆటైపోయాక రొప్పుతూ నా దగ్గరికే వచ్చి, చెమటతో తడిసిన ఆ కండువాను నా మెడలో వేసింది. "రా అక్కా!" అంది.

అది గొప్ప చూపించుకుంటోందనుకున్నాను. "నువ్వు వాడి విడిచిన మర్యాద నాకేంటికి? పో మే!" అని కండువా లాగి మట్టిలోకి విసిరికొట్టాను.

డోళ్ళు ఆగలేదు, నెమ్మదించాయి. అందరూ నా కోసం చూస్తున్నారు. నేను కదల్లేదు. అమీనక్క కండువా తీసి దులిపి వేరే ఎవరి మెడలోనో వేసింది. ఆట సాగిపోయింది. సుజి మాత్రం అమ్మ వెనక్కి పోయి, ఇల్లు చేరేదాకా మాట్లాడలేదు.

మర్నాడు మెట్ల మీద అమీనక్కను నిలదీశాను. "అంచు కుట్టింది నేను. మర్యాద దానికా?"

"మర్యాద ఏంది పాపా?" అని ఆమె నా పక్కనే కూర్చుంది. "అది రమ్మని పిలవడం. వేయించుకున్నోళ్ళు ఆడాల. ఆడినాక, వాళ్ళకు ఇష్టమైనోళ్ళ మెడలో వేసి పిలవాల. అంతే."

"మరి ముందు నన్నే పిలవచ్చు కదా?"

"నిన్నే అనుకున్నా. నిన్న పొద్దున సుజీ వచ్చి అడిగింది. 'మా అక్కకు సిగ్గు, నువ్వు పిలిస్తే రాదు. ముందు నాకెయ్యి, నేను పోయి పిలుచుకొస్తా' అని."

లోపల సుజి బిందె కూడా వాయించడం లేదు ఆ రోజు.

ఇదంతా ఇప్పుడెందుకంటే... అమీనక్క ఎప్పుడో చదువు ముగించి వెళ్ళిపోయింది, పండగ మాత్రం ఆగలేదు. ఇప్పుడు వేరే పిల్లలు చేస్తున్నారు. మొన్న ఆదివారం నేనూ, సుజీ, దాని ఆడపడుచూ వెళ్ళాం. ఎవరో అమ్మాయి వచ్చి మళ్ళీ సుజి మెడలోనే కండువా వేసింది! దాని ముఖంలో ఏముందో ఏమో.

ఈసారి నేను సిద్ధంగా ఉన్నాను. మెడ కూడా కాస్త వంచాను. సుజి ఆడి, రొప్పుతూ మా వైపు వచ్చింది... వచ్చి ఆడపడుచు మెడలో వేసింది. ఆవిడ చెప్పులు విడిచి చక్కగా వెళ్ళి ఆడింది. ఈ వయసులో కూడా నాకు అంతే కడుపుమంట!

తిరిగి వచ్చేటప్పుడు ఉండబట్టలేక అడిగేశాను. "నన్నేంటికి పిలవలేదు మే?"

"ఫోన్ పట్టుకుని వీడియో తీస్తా ఉండావు కదక్కా. చెడగొట్టడం ఎందుకనీ..." అంది సుజి, మామూలుగా.

ఇంటికొచ్చి ఆ వీడియో చూశాను. సుజి ఒక్క క్షణం తిన్నగా నా వైపు చూసి, పక్కకు తిరుగుతుంది. అక్కడే ఆపి ఆపి చూస్తున్నాను.

అప్పట్లో చేతులు ఖాళీగా ఉండేవి, మనసే మూసుకుని ఉండేది. ఇప్పుడు మెడ వంచి నిలబడ్డా పిలిచేవాళ్ళు చేతుల్లో ఫోన్ చూసి వెళ్ళిపోతున్నారు. మీరు కూడా చిన్నప్పుడు కుళ్ళుతో విసిరికొట్టిన పిలుపు ఒక్కటైనా ఉండే ఉంటుంది... చెప్పండి. నేనొక్కదాన్నే కాదని తెలిస్తే ఈ మంట కాస్త చల్లారుతుంది.