బస్తా మొయ్యని రోజు తీసిన రికార్డు

2002 మార్చిలో, గుంటూరులో నేను పనిచేస్తున్న ప్రైవేటు గుండె ఆసుపత్రిలో నన్ను హోల్టర్ గదికి మార్చారు. అప్పటికి నేను సీనియర్ ఈసీజీ టెక్నీషియన్‌ని. హోల్టర్ అంటే నడుముకు కట్టే చిన్న పెట్టె. ఛాతీకి జిగురు బిళ్ళలు అంటించి, వాటి వైర్లను పెట్టెకు కలిపితే, ఒక పగలూ ఒక రాత్రీ గుండె కొట్టుకున్న తీరంతా టేపు మీదికి ఎక్కుతుంది.

మిర్చి యార్డులో హమాలీగా పనిచేసే మస్తాన్‌ను ఆ నెలలోనే మా డాక్టరు గారు నా గదికి పంపారు. సీజను ముమ్మరంగా ఉంది. "కూర్చుంటే ఏం లేదు మేడం గారూ. బస్తా ఎత్తుకుని లారీకి ఆనించిన బల్ల ఎక్కేటప్పుడే గుండె దడదడలాడి కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయి" అన్నాడు. గుండెలో తేడా ఉందని డాక్టరు రాసిస్తే కాటా దగ్గర తూకం పనికి మారుస్తానని మేస్త్రీ మాటిచ్చాడట. అతనికి కావలసింది అంతే.

పెట్టె కట్టి యార్డుకే పంపుదామని సూపరింటెండెంటు గారిని అడిగాను. ఆయన ఒంటికాలి మీద లేచారు. చెమటకు బిళ్ళలు ఊడతాయి, మిరప దుమ్ము పెట్టెలోకి పోతుంది, పాడైతే బాధ్యత నీదా అన్నారు. చెమట పట్టే పని చేయకూడదన్నది రోగికి మేం చెప్పే మొదటి జాగ్రత్త. మస్తాన్ దాన్ని భక్తిగా పాటించాడు. పని మానేసి, బిళ్ళలు ఊడతాయేమోనని పక్కకైనా ఒత్తిగిలకుండా ఇంట్లో ఫ్యాను కింద పడుకున్నాడు. టేపు చక్కగా వచ్చింది. డాక్టరు గారు నార్మల్ అని సంతకం పెట్టారు.

ఆ తర్వాత ఏమైందో అతని భార్య జాన్‌బీ చెప్పింది. "ఏరా మస్తానూ, గుండె గుండ్రాయిలా ఉందంట కదరా, ఇంకా ఏంది నాటకాలు?" అని మేస్త్రీ అందరి ముందూ నవ్వాడట. మస్తాన్ మళ్ళీ బస్తాలకే వెళ్ళాడు. సీజను ముగియక ముందే బల్ల మీద కుప్పకూలాడు. మా దగ్గరికి తెచ్చేసరికే ప్రాణం లేదు.

సూపరింటెండెంటు గారు పాత రిపోర్టు తెప్పించి చూసి, మన తప్పేమీ లేదన్నారు. నాకు ఒళ్ళు మండింది. రిపోర్టులో తప్పు లేకపోవడమే నాకు మింగుడుపడలేదు. పడుకున్న మస్తాన్ గుండె బాగానే ఉంది. బస్తా మోసే మస్తాన్‌కు మేం పరీక్షే చేయలేదు.

ఇప్పుడు చెమటకు ఊడని పల్చటి పట్టీలు వచ్చాయి. ఒంటితో పాటు వంగుతాయట, అలసటను కూడా పసిగడతాయట. మంచిదే. వాటితో మనిషిని పనికి పంపే వాళ్ళు కూడా ఉండాలి. నేను నేర్చుకున్నది ఒకటే. రోగి ఆ రోజు ఏ పని చేశాడో రాయనిదే నార్మల్ అన్న మాటకు అర్థం లేదు. రిటైరయ్యేదాకా ప్రతి రిపోర్టు కిందా ఆ పనేమిటో రాశాను. డాక్టర్ల పనిలో వేలు పెడుతున్నానని మెమోలు ఇచ్చారు. తీసుకుని, మళ్ళీ రాశాను.