గుమ్మం పక్క స్టూలు మీద ముఖం

షాపులో అందరూ ఆమెను బొమ్మ అనేవారు. మేకప్ సామాన్లు అమ్మే ఆ షాపు యజమాని పొద్దున్నే ఆమె ముఖానికి మేకప్ వేయించి, గుమ్మం పక్క ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టేవాడు. వెనక గోడమీద బోర్డు: ‘పొద్దున వేస్తే రాత్రి దాకా చెక్కుచెదరదు.’ దానికి సాక్ష్యం ఆమె ముఖమే.

నిజానికి మధ్యాహ్నానికే ముక్కు పక్కన జిడ్డు తేలేది, పై పెదవి మీద పూత విడిపోయేది. మంచినీళ్లకని లేచి, బాత్‌రూమ్‌లో గడియ పెట్టుకుని, టిష్యూతో అద్ది, స్పాంజితో సర్ది వచ్చేది. యజమాని చూసీ చూడనట్టుండేవాడు.

ఇంట్లో అత్తగారికి మాత్రం చెప్పింది.

“నోటితో అబద్ధమాడట్లేదుగా, ముఖంతోనేగా,” అందావిడ.

ఇద్దరూ నవ్వుకున్నారు గానీ ఆ మాట బొమ్మకు ముల్లులా దిగింది.

ఒకరోజు ఏసీ చెడిపోయింది. అదే రోజు ఒక తల్లి, ఎదిగిన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆ అమ్మాయి చెంప నుంచి చెవి దాకా పాత కాలిన మచ్చ. మర్నాడే స్కూల్లో టీచరుగా చేరాలట.

“ఇది పొద్దున వేసిందేనా? మళ్లీ ముట్టుకోలేదా?” తల్లి బొమ్మ ముఖాన్ని దగ్గరగా చూసింది.

“ముట్టుకుంటే ఒట్టు,” అన్నాడు యజమాని.

అమ్మాయి అతని వైపు చూడలేదు. “మీరు చెప్పండక్కా. పిల్లల ముందు కరిగిపోతే నేను నిలబడలేను.”

బొమ్మ కణత మీద చెమట చుక్క కదిలింది. తుడిస్తే రంగు ఊడి వస్తుంది. వదిలేస్తే చార కడుతుంది. వెనకాల యజమాని ఆడిస్తున్న తాళాల గుత్తి చప్పుడు ఆగిపోయింది.

“రెండుసార్లు సర్దుకున్నానమ్మా,” అంది.

అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. “మరి రేపెలా?”

బొమ్మ స్టూలు దిగింది. పూత పలచగా వేసి ఆరనివ్వాలని, దానిమీద ఇంకోటి వేయాలని, చెమట పడితే రుద్దకుండా టిష్యూతో అద్దుకోవాలని చూపించి, ఆ అమ్మాయి చేతే చేయించింది. వాళ్లు చిన్న డబ్బా ఒకటి కొనుక్కుని వెళ్లారు.

తలుపు మూసుకోగానే యజమాని అన్నాడు: “నాకు బొమ్మ కావాలి, నోరున్న మనిషి కాదు. రేపట్నుంచి రావద్దు.”

ఆ రాత్రి అత్తగారు అన్నం వడ్డిస్తూ, “కాస్త నోరు కట్టేసుకుంటే నీ సొమ్మేం పోయేది?” అని సణిగింది. కాసేపటికి తనే, “సర్లే, తిను,” అంది. చాలాచోట్ల తిరిగాక బొమ్మకు ఒక చిన్న దుకాణంలో పని దొరికింది. రోజంతా నిలబడాలి. ముఖానికి ఏం వేసుకున్నా, ఏం వేసుకోకపోయినా అక్కడ అడిగేవారు లేరు.

కొన్నాళ్లకు బస్‌స్టాపులో ఆ అమ్మాయి ఎదురైంది. బొమ్మే ముందు పలకరించింది.

“మొదటి రోజు ఎలా గడిచింది?”

“సర్దుకునే తీరిక దొరకలేదక్కా. కరిగిపోయింది. పిల్లలు అడిగేశారు.”

“ఏమన్నావు?”

“చిన్నప్పుడు కాలిందన్నా. నొప్పి పుట్టిందా అన్నారు. పుట్టిందన్నా. తర్వాత పాఠం చెప్పుకున్నాం.”