ఐస్‌క్రీం గోదాములో మా ఫైళ్ళు

ఆ వారం నేను స్థిమితంగా కూర్చుని అన్నం తిన్న గుర్తు లేదు.

సూరత్ పక్కన ఇచ్ఛాపూర్ దగ్గర ఒక కర్మాగారంలో రికార్డుల విభాగం నా బాధ్యత. ఏ కాగితం ఎన్నేళ్ళు ఉంచాలి, దేన్ని ఎప్పుడు ముక్కలు చేయించాలి, ఎవరైనా అడిగితే ఎంత త్వరగా తీసివ్వాలి, ఇదీ నా పని. కాకినాడలో ఉన్న మా చుట్టాలకు నేను అక్కడ ఏం చేస్తానో ఇప్పటికీ సరిగ్గా తెలియదు.

వానలకు ఖాడీ పొంగింది. సూరత్‌లో ఊరి మధ్య నుంచి పారే వాగుల్ని అలాగే అంటారు. ఆ నీళ్ళు మా పాత భవనంలోకి వచ్చేశాయి. రికార్డుల గది కింది అంతస్తులోనే ఉండేది. దాన్ని పైకి మార్చమని ఏటా అడిగేదాన్ని, ఏటా వచ్చే ఏడాది చూద్దామనేవాళ్ళు. ఆల్థాన్‌లో మా ఇంటి నుంచి ఆటో దొరక్క ఒక ట్రాక్టరు వెనకాల నిలబడి వచ్చాను. నీళ్ళు తీసేసరికి మధ్యాహ్నమైంది. కింది అరలన్నీ నానిపోయాయి. ఫైళ్ళు ఉబ్బి ఒకదాన్నొకటి నొక్కుకుంటూ అరల్లోంచి బయటికి రావడం లేదు.

మా అడ్మిన్ హెడ్ గుజరాతీ ఆయన, మర్యాదస్థుడే; ఆడవాళ్ళెవరినైనా బెన్, అంటే అక్కా, అనే పిలుస్తాడు. గుమ్మంలోనే నిలబడి అన్నాడు.

"బెన్, ముందు యంత్రాల డ్రాయింగులు తీయించండి. మిగతావి పాత కాగితాలేగా, భంగార్ వాడికి తూకానికి వేసేద్దాం."

"డ్రాయింగులు చాలావరకు తయారీదారుల దగ్గర ఉంటాయి సార్. ఇవి కార్మికుల ఫైళ్ళు. ఎవరు ఏ విభాగంలో చేశారు, ఏటేటా ఆరోగ్య పరీక్షల్లో ఏం తేలింది, అన్నీ వీటిలోనే ఉన్నాయి. రెండో కాపీ లేదు."

"వాటినెవరు అడుగుతారు?"

"రిటైరైన పదేళ్ళకు ఊపిరి ఆడని మనిషి అడుగుతాడు."

ఆయన కాసేపు ఫోన్ చూసుకున్నాడు. "సరే, మీ ఇష్టం. డ్రాయింగులు పోతే జవాబు కూడా మీరే చెప్పాలి," అని వెళ్ళిపోయాడు.

తడి కాగితానికి రెండు మూడు రోజుల్లో బూజు పడుతుంది. అన్నింటినీ ఒకేసారి ఆరబెట్టడం మాకు అయ్యే పని కాదు. అలాంటప్పుడు గడ్డకట్టేలా చల్లబరిస్తే బూజు ఆగుతుంది, తర్వాత కొంచెం కొంచెంగా తీసి ఆరబెట్టుకోవచ్చు. చదువుకున్నాను గానీ ఎన్నడూ చెయ్యలేదు. వరండాలో అటూ ఇటూ తిరుగుతూ కోల్డ్ స్టోరేజీలకు ఫోన్లు చేశాను. చేపల వాళ్ళు ఖాళీ లేదన్నారు. చివరికి పల్సానా వైపు ఒక ఐస్‌క్రీం గోదాము ఆయన ఒప్పుకున్నాడు. "కాగితాలు గడ్డకట్టించేవాళ్ళను ఇదే చూడటం," అని చాలాసేపు నవ్వాడు. కానీ అతను ఇచ్చిన చోటు సగం పెట్టెలకే సరిపోతుంది.

ఏ సగం? ఆరోగ్య ఫైళ్ళు, తర్వాత సర్వీసు ఫైళ్ళు అన్నాను. లారీ కదిలాక కూడా ఆ మాట తప్పేమోనని లోపల పీకుతూనే ఉంది. మిగిలిన డ్రాయింగుల్లో కొన్ని అతుక్కుపోయి విడదీస్తుంటే చిరిగాయి. కాపీలు తెప్పించుకున్నాం గానీ, మా ఇంజనీర్లు ఏళ్ళ తరబడి చేత్తో చేసుకున్న సవరణలు మళ్ళీ దొరకలేదు. అందులో ఒకాయన చాన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. ఆయన కోపంలో న్యాయం ఉంది.

గోదాము నుంచి కొన్ని కొన్ని పెట్టెలు తెప్పించి ఆరబెట్టే పనికి, ఊళ్ళోని లింబాయత్ నుంచి కొందరు ఆడవాళ్ళు వచ్చారు. తెలంగాణ నేత కుటుంబాల వాళ్ళు, ఇంటి దగ్గర చీరలకు లేసు కుట్టేవాళ్ళు. క్యాంటీన్ హాల్లో ఫ్యాన్ల కింద కూర్చుని, తడి కాగితాల మధ్య పొడి కాగితాలు పెడుతుంటే, అందరిలోకీ పెద్దావిడ ఒక ఎక్స్‌రే ఎత్తి చూసింది.

"మేడం, గివన్నీ ఎవలయి?"

"ఇక్కడ పనిచేసినవాళ్ళవి అక్కా. ఏటా ఛాతీ, చెవులు, కళ్ళు పరీక్ష చేసి రాసిపెడతారు."

ఆవిడ ఆ ఎక్స్‌రేను జాగ్రత్తగా పక్కన పెట్టింది. "మా ఇంటాయన లగ్గం కాకముందు సంది సాంచాల మీదనే ఉన్నడు. ఆ మరమగ్గాల మోతకు చెవులు పోయినయి. సేటునడిగితే, నువ్వు వచ్చినప్పుడే గిట్ల ఉన్నవేమో అన్నడు. గాదని చెప్పెతందుకు మా తాన ఏముంది?"

నేను లేచి వెళ్ళి ఫ్యాన్లు సరిచేసినట్టు నటించాను.

ఆ సాయంత్రం కాంట్రాక్టరు దగ్గర ఆ ఆడవాళ్ళ హాజరు చూశాను. సిగరెట్ పెట్టె అట్ట వెనక రాసుకున్నాడు. మా నిబంధనల ప్రకారం కాంట్రాక్టు కూలీల కాగితాలు కొన్నేళ్ళే ఉంటాయి. వరద నివేదిక మాత్రం శాశ్వతంగా ఉంచాల్సిన రికార్డు. ఫైళ్ళను ఎలా కాపాడామో రాస్తూ, కాపాడినవాళ్ళ పేర్లు, చేసిన పని అనుబంధంగా చేర్చాను. అడ్మిన్ హెడ్ చదివి, ఇదెందుకని అడగకుండా సంతకం పెట్టాడు. ఒక కాపీ ఆ పెద్దావిడకిచ్చాను.

మర్నాడు తిరిగి తెచ్చింది. "మా బిడ్డ సదివింది. ఇంటిపేరు గుజరాతోళ్ళ లెక్క రాసిన్రట." సవరణ పత్రం జతచేసి సంతకం చేశాను. ఆవిడ మడిచి కొంగున కట్టుకుని, కదలకుండా నిలబడింది. "మా ఆయనది గూడ గిట్ల రాయరాదు?"

"ఆయన ఇక్కడ పనిచెయ్యలేదుగా అక్కా."

"ఔ గదా," అని వెళ్ళిపోయింది.

ఆ మాట నన్ను ఇంట్లో కూడా కూర్చోనివ్వలేదు. మా కర్మాగారం డాక్టరును అడిగితే, సెలవు రోజున ఆవిడ భర్తను తన సొంత క్లినిక్కుకు తీసుకురమ్మన్నాడు. ఆయన చెవులకు పరీక్ష చేసి, ఎంత వినబడుతోందో, ఏ పని చేస్తాడో, తాను ఏ తేదీన చూశాడో రాసిచ్చాడు. పోయిన వినికిడి ఎప్పుడు పోయిందో ఆ కాగితం చెప్పదు. ఇకమీద తగ్గేది మాత్రం చెప్పగలదు. అదే మాట ఆయన చెవి దగ్గర గట్టిగా చెప్పాను. ఆయన తలూపి, "ఇయ్యాల్టి సంది అన్నట్టు," అన్నాడు.

ఆ కాగితానికి ఒక నకలు తీయించి, అసలుది ఇవ్వడానికి వాళ్ళ వీధికి వెళ్ళాను. సాంచాల చప్పుడులో ఒకరి మాట ఒకరికి అందడం లేదు. పక్క షెడ్డులోంచి ఇద్దరు మగవాళ్ళు బయటికొచ్చి ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత ఒకతను తన చెవి చూపించి నన్నేదో అడిగాడు.