రెండు విళ్ల మధ్య రెబెక్కా

క్రైస్ట్‌చర్చ్‌లో నర్సుగా పనిచేసే రెబెక్కా యాభై దాటాక విల్లు పట్టింది. నిజానికి అది కూతురు షాలెం కోసం కొన్నది. ఆ పిల్ల కొన్నాళ్లకే విసుగెత్తి వదిలేసింది. గరాజ్‌లో విల్లు ఊరికే పడి ఉండటం చూడలేక రెబెక్కా తనే క్లబ్బుకు వెళ్లింది. ఇక శనివారాలు ఆమెను ఇంట్లో ఆపడం భర్త రత్నరాజు వల్ల కాలేదు.

ఈ చలికాలం ఆమె కుడి భుజం పట్టేసింది. వార్డులో పేషెంట్లను పైకి జరిపేదీ, నారి లాగేదీ ఆ భుజమే. ఫిజియో చూసి, ఆ విల్లు ఇక లాగొద్దంది. క్లబ్బు కోచ్ గ్రేమ్ తన క్రాస్‌బో ఇచ్చి, వాడి చూసి మారాలో వద్దో తేల్చుకోమన్నాడు. నారిని ముందే గొళ్లేనికి తగిలిస్తారు కాబట్టి లాగి పట్టుకోవాల్సిన పని లేదు. గురి చూసి మీట నొక్కడమే.

రత్నరాజుకు అది తెగ నచ్చింది. ఆమెకే ఎటూ తేలలేదు. శుక్రవారం ఇంటి ప్రార్థనలో ఆయన లేచి, మా ఆవిడ క్రాస్‌బో తీసుకోవాలా వద్దా అని సతమతమవుతోంది, ప్రార్థన చేయండని అడిగేశాడు. ప్రార్థనకొచ్చిన బెట్సీ ఆంటీ చెవిన పడింది క్రాస్‌బోలో 'క్రాస్' అన్న మొదటి ముక్కే. ఆమె కళ్లు తుడుచుకుంటూ రెబెక్కా చేయి పట్టుకుంది.

"సిలువ ఎత్తుకోవడం తేలికేం కాదమ్మా. కానీ వెనక్కి తగ్గకు."

"నాలుగు కేజీలే ఆంటీ," అంది రెబెక్కా.

సంగతి తెలిశాక అందరూ నవ్వారు. ఆంటీ మాత్రం ప్రార్థన ఆపలేదు.

మర్నాడు రత్నరాజూ మైదానానికి వెళ్లాడు. వెళ్లక తప్పలేదు. క్రాస్‌బో నారి ఎక్కించాలంటే ముందున్న ఇనుప పట్టీలో కాలు పెట్టి తొక్కిపట్టి, రెండు చేతులా పైకి లాగాలి. అది పాత విల్లు లాగడం కన్నా కష్టం. ఆ పని ఆయన చేస్తే, ఆమె మీట నొక్కింది. మొదటి బాణం నడిమధ్య పసుపు వలయంలో దిగింది. తర్వాతదీ అక్కడే. ఆయన పక్కవాళ్లందరినీ పిలిచి చూపించాడు. కాసేపటికి నడుం పట్టుకుని గడ్డిమీద కూలబడ్డాడు. రెబెక్కా తన భుజానికని తెచ్చుకున్న నొప్పి స్ప్రే ఆయన నడుముకు కొట్టింది.

తిరిగి వస్తూ కారులో ఆయన, చేత్తో తిప్పి నారి ఎక్కించే హ్యాండిల్ కూడా దొరుకుతుందట, కొందామా అన్నాడు.

"గురి బాగానే కుదురుతోందండీ," అంది రెబెక్కా. "కానీ నారి లాగి పట్టుకున్నానా, ఆ కాసేపు నాకు వార్డు గుర్తుండదు. దీంతోనైతే ఊపిరి బిగపట్టేలోపే అయిపోతోంది."

ఇంటికొచ్చాక ఆయనే క్రాస్‌బోను తుడిచి సంచిలో సర్దాడు.

క్రాస్‌బో గ్రేమ్‌కు తిరిగి వెళ్లిపోయింది. భుజం కాస్త నెమ్మదించాక, లాగడానికి అన్నిటికన్నా తేలికైన విల్లయితే పట్టొచ్చని ఫిజియో ఒప్పుకుంది. అంత తేలికైనది క్లబ్బులో ఒకటే దొరికింది. చిన్నపిల్లలదది, ఆకుపచ్చ రంగు, మీద కప్ప బొమ్మ. రెబెక్కా దాన్ని పట్టుకుని, కొత్తగా నేర్చుకునేవాళ్ల వరుసలో నిలబడింది. ఇప్పుడు స్కోరులో క్లబ్బుకంతటికీ ఆమే ఆఖరు. పోయిన శనివారం సగం బాణాలు గడ్డిలోకి పోయాయి. వాటిని వెతుక్కుంటూ వెళ్లి, ఎవరితోనో కబుర్లలో పడి, బాగా పొద్దుపోయాక ఇంటికొచ్చింది. వచ్చీ రాగానే ఆకలేస్తోందంటూ చేపల పులుసు వేడి చేసుకుని, మారు వడ్డించుకుని మరీ తింది.